పెద్దమ్మ చూసిన ఊపిరితిత్తి

మా పెద్దమ్మ మఖమల్ కార్ఖానాలో నైలాన్ దారాన్ని నూగులా తరిగే మిషన్ దగ్గర పనిచేసేది. ఆ నూగును జిగురు పూసిన గుడ్డ మీద చల్లితే నిక్కబొడుచుకుని మఖమల్ అవుతుంది. నగల పెట్టెల్లో వేసే మెత్తటి గుడ్డ అదే. సాయంత్రానికి ఆవిడ కనుబొమలు కూడా ఆ రోజు తరిగిన రంగులోకి తిరిగేవి. "నిన్న పచ్చ, ఇవాళ ఎరుపు. ఊసరవెల్లిని కట్టుకున్నాను" అని నవ్వేవాడు దర్జీపని చేసే పెద్దనాన్న.

ముందు పొడిదగ్గు పట్టుకుంది. తర్వాత మెట్లెక్కితే ఆయాసం. సెలవుపెట్టి ఇంట్లో ఉంటే తేలికపడేది, పనిలోకి వెళ్తే మళ్లీ మొదటికొచ్చేది. చివరికి ఆస్పత్రిలో ఊపిరితిత్తి నుంచి చిటికెడు ముక్క తీసి పరీక్షకు పంపారు.

ఫలితం చెప్పబోతున్న డాక్టరమ్మను పెద్దమ్మ ఆపింది. "నాలోంచి తీసిందే కదమ్మా, ఓసారి చూపించండి."

డాక్టరమ్మ కాదనలేదు. మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. నేను పక్కనే ఉన్నాను. పెద్దమ్మ కన్ను ఆనించింది.

"లేసు అల్లినట్టుంది," అంది మెల్లగా. "ఇంత సన్నటి పని ఎవరు చేశారమ్మా?"

"ఆ ఖాళీలన్నీ గాలి గదులు," అంది డాక్టరమ్మ. "గోడల వెంట ఊదారంగు చుక్కలు గుంపుకట్టాయి చూశారా? అవి మీ ఒంటి కాపలా కణాలు. మీరు పీల్చిన నూగు లోపలిదాకా పోయింది. దాన్ని వదిలించాలని అవి వస్తూనే ఉన్నాయి. నైలాన్ అరగదు కదా. గుంపు పెరిగి గోడలు మందమయ్యాయి, గాలికి దారి ఇరుకైంది."

"ఇన్నేళ్లుగా జీతం బత్తెం లేకుండా నాకోసం ఇంతమందా?"

"అవును. కానీ ఎప్పుడు ఆగాలో వాటికి తెలియదు. నూగు ఆగితేనే అవి ఆగుతాయి."

పెద్దమ్మ మళ్లీ కన్ను ఆనించింది. ఆవిడ చెయ్యి తనకు తెలియకుండానే ఛాతీ మీదికి వెళ్లి, పసిబిడ్డను జోకొట్టినట్టు కదిలింది.

మర్నాడే మిషన్ పని మానేసింది. మానేసి ఊరుకోలేదు. అక్కడ దగ్గుతున్న ఇద్దరు తోటి ఆడవాళ్లను డాక్టరమ్మ దగ్గరికి వెంటబెట్టుకెళ్లింది. వాళ్లకూ అదే జబ్బని తేలాక ముగ్గురూ యజమాని ముందు నిలబడ్డారు. ఆయన ముందు ఖర్చు సంగతి ఎత్తాడు, చివరికి మిషన్ పైన నూగు లాగేసే గొట్టం పెట్టించాడు.

ఏడాది తిరిగేసరికి దగ్గు తగ్గింది. లోపల కొంత మచ్చ మాత్రం పోదని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఇప్పుడు పెద్దమ్మ పెద్దనాన్న పక్కన కూర్చుని గుండీలు కుడుతోంది. మా మూడో అంతస్తుకి మధ్యలో ఒకసారి ఆగి ఎక్కేస్తుంది. మొన్న అలా ఆగితే, "ఆయాసమా పెద్దమ్మా?" అని అడిగాను.

"లేదే. గాలి లోపలికెళ్తుంటే వింటున్నాను."