వేడి చేసి ఉంచిన బండి

బంధువుల్లో మా బావకు ఇంజనీరని పేరు. చదివింది కామర్సు, చేసేది కరెంటు ఆఫీసులో గుమాస్తా పని. సొంత బండి ఏనాడూ లేదు. అయినా ఎవరు పాత కారు కొంటున్నా ఈయన వెళ్లి తలుపు వేసి చప్పుడు వినాలి, టైరును కాలితో తన్నాలి, "సింగిల్ ఓనరేనా?" అని అడగాలి. ఆయన బాగుందన్న బండి నెలలోపు షెడ్డుకెళ్తే, "అంతా నడిపేవాడి చేతిలో ఉంటుంది" అని తేల్చేస్తాడు.

ఆయన్ని కట్టుకున్న మా అక్క సంగతి వేరు. పదిహేనేళ్లుగా కుట్టుమిషన్లు బాగుచేస్తోంది. స్క్రూడ్రైవర్ మొన మిషన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏది అరిగిందో చెప్పేస్తుంది. ఆమెది ఒకటే నియమం: మిషన్‌ను పొద్దున్నే, ఎవరూ ముట్టకముందు చూడాలి. కాసేపు నడిచి వేడెక్కాక ప్రతి మిషనూ బుద్ధిమంతురాలే అంటుంది.

ఊరవతల నాలుగు బట్టల కార్ఖానాలు తమ మిషన్లన్నీ చూసుకొమ్మని ఆమెకు అప్పగించాయి. ఒకటో తారీఖు నుంచి పని. పాడైనవి ఇంటికి తెచ్చి బాగుచేయాలి, అందాకా బదులు మిషన్లు ఇచ్చి రావాలి. మిషన్లు బరువు, దారి గతుకులు. పెద్ద బండి లేనిదే కుదరదు, కొత్తది కొనే తాహతు లేదు. ఇక బావ రంగంలోకి దిగాడు.

ఆయన వెతికి పట్టుకున్న ఎస్‌యూవీ రెండు లక్షల నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. "తిరిగిన ఇంజనే గట్టిది బామ్మర్దీ. మూలన పడున్నది తుప్పు పడుతుంది" అన్నాడు నాతో. తాను ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఒకే కుర్చీలో ఉన్న సంగతి ఆయనకు గుర్తున్నట్టు లేదు.

నెలాఖరు రోజు పొద్దున తొమ్మిదింటికి ముగ్గురం డీలరు దగ్గరికి వెళ్లాం. రేకుల షెడ్డు కింద బండి తళతళలాడుతోంది. తాళం తిప్పగానే స్టార్టయింది. బావ తలుపు చప్పుడు విన్నాడు, టైరు తన్నాడు. "మీలాంటి తెలిసినవాళ్లతో బేరం కష్టం సార్" అన్నాడు డీలరు. ఆ ఒక్క మాటకే బావ మునగచెట్టెక్కి కూర్చున్నాడు.

అక్క బానెట్ మీద చెయ్యి పెట్టి, "ఇందాక ఎక్కడికైనా తీసుకెళ్లారా?" అని అడిగింది.

"లేదమ్మా, నిన్నటి నుంచి కదల్లేదు."

"ఇప్పుడు స్టార్ట్ చేసినందుకే ఇంత వేడెక్కదు. మేం రాకముందే వేడిగా ఉంది."

డీలరు బావ వైపు చూశాడు. బావ టైరు వైపు చూశాడు.

"రేపు పొద్దున్నే వద్దామండీ. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూద్దాం" అంది అక్క.

"ఇది కుట్టుమిషన్ కాదులే, దారం ఎక్కించి చూడటానికి" అన్నాడు బావ. డీలరు నవ్వాడు. నేనూ ఇకిలించాను. దానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. సాయంత్రానికల్లా సంతకాలైపోయి బండి ఇంటికొచ్చింది.

తెల్లవారితే ఒకటో తారీఖు. బదులు మిషన్లు ఎక్కించి అక్క తాళం తిప్పింది. ఇంజన్ మూలిగి ఊరుకుంది. ఎనిమిదోసారికి లేచి, వీధంతా నీలం పొగ కమ్మేలా దగ్గింది. లోపల సుత్తితో కొడుతున్నట్టు టకటక.

"చల్లగా ఉంది కదా, సర్దుకుంటుంది" అన్నాడు బావ.

అక్క స్క్రూడ్రైవర్ ఇంజన్‌కు ఆనించి చాలాసేపు వింది. ఇంజన్ ఆపి, తాళం సంచిలో వేసుకుంది. తర్వాత వచ్చిన మెకానిక్ లోపలంతా అరిగిపోయిందనీ, మొత్తం విప్పాల్సిందేననీ చెప్పాడు.

ముగ్గురం మళ్లీ డీలరు దగ్గరికి పోయాం. "ముందే వేడి చేసి, రోగం దాచి అమ్ముతావా?" అని నేను గొంతు పెంచాను. అతను తొణక్కుండా తన ఫోన్ అక్క చేతిలో పెట్టాడు. బావ పంపిన మెసేజ్. 'తొమ్మిదికి వస్తున్నాను. బండి కడిగించి, ఇంజన్ వేడి చేసి రెడీగా ఉంచండి. నాకు ఎదురుచూసే అలవాటు లేదు.'

"సార్ చెప్పినట్టే చేశాం. ఇందులో మా తప్పేముందమ్మా?"

దొంగ చేతికి తాళాలివ్వడం విన్నాను గానీ, మెసేజ్ పెట్టి మరీ ఇచ్చినవాణ్ని అప్పుడే చూశాను. అక్క దాన్ని రెండుసార్లు చదివి ఫోన్ తిరిగిచ్చేసింది.

దూరంలో ఉన్న రెండు కార్ఖానాలు వారం చూసి, పని ఇంకొకరికి ఇచ్చేశాయి. అక్క పదిహేనేళ్ల పేరు చూసి ఇచ్చిన పని అది. మిగిలిన రెండింటి మిషన్లు ఆ నెలంతా బావ భుజం మీద బస్సెక్కాయి. చూసి నేనేమీ జాలిపడలేదు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. మొన్న వీధి చివర కొత్తగా దిగిన మాస్టారు వచ్చి, "పాత కారొకటి చూశానండీ. ఇంజనీరు గారు ఒకసారి వచ్చి చూస్తే బాగుంటుంది" అన్నాడు. బావ అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు.

అక్క మిషన్ మీద నుంచి తల ఎత్తలేదు.

"తీసుకెళ్లండి మాస్టారూ. ఆయన ఫోన్ మాత్రం ఇక్కడ పెట్టి వస్తారు."