చెల్లెమ్మ వేసిన కుర్చీలు

ప్రియులారా, మన ప్రార్థన కూటంలో కుర్చీలు వేసే చెల్లెమ్మ పోయిన మంగళవారం ప్రభువునందు నిద్రించింది. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి పోయిందని ఆమె తమ్ముడు ఫోన్లో చెప్పాడు. నా నోట మొదట వచ్చింది ఏడుపు కాదు, ప్రార్థనా కాదు. "దవాఖానోళ్లు ఏం సూది ఇచ్చిన్రు?" అని అడిగాను. అనుమానం నాకంత దగ్గరి చుట్టం. ఆ చుట్టాన్ని కూడా మీ ముందు నిలబెట్టాలనే ఇది రాస్తున్నాను.

ఖాజాగూడలో మనం కిరాయికి తీసుకున్న పై అంతస్తు గది మీకు తెలిసిందే. ఆమె ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ పని చేసేది. ఆదివారం పొద్దున్నే డ్యూటీ ముగించుకుని అందరికంటే ముందు వచ్చి నీలం కుర్చీలు వేసేది. ప్రతి వరుసలో చివరి కుర్చీ నడిచే దారిలోకి జానెడు జరిగి ఉండేది. మోకాళ్లకు తగులుతున్నాయని నేను విసుక్కుంటే, "ఉండనియ్యి అన్నా. నీ వాక్యం మస్తు పొడుగుంటది, జనాలకు జర గాలాడాలె" అనేది.

కొన్నాళ్లకు ఆమె నడక తూలడం నా కంట పడింది. మాట ముద్దముద్దగా వచ్చేది. ఒక ఆదివారం మైకు అందిస్తుంటే స్పిరిట్ వాసన కొట్టింది.

"చెల్లెమ్మా, తాగినవా?"

"ఏందన్నా గట్లంటవ్? అద్దాలు తుడిచే మందు వాసన గది. ఎంత కడిగినా చేతులకు పోదు."

నేను నమ్మలేదు. పై వారం తాగుబోతుల మీద వాక్యం చెప్పాను. పేరు ఎత్తలేదు గాని, నా చూపు ఎటుందో అందరి తలలూ అటే తిరిగాయి. రొట్టె విరిచే ఆదివారం బల్ల దగ్గర ద్రాక్షరసం గిన్నెను ఆమెను దాటించి పక్కవారికిచ్చాను. డాక్టరుకు చూపించుకుంటానంటే, "ముందు తప్పు ఒప్పుకో, తర్వాత డాక్టర్" అని ఉపవాస ప్రార్థనలో కూర్చోబెట్టాను. అలా ఎనిమిది నెలలు. గ్రంథంలో గుడి గుమ్మం దగ్గర కూర్చుని, గుండె పగిలి ప్రార్థించే స్త్రీని తాగిందనుకున్న ముసలి యాజకుడి మీద నేను ఎన్నిసార్లు నిప్పులు కురిపించలేదు! ఆయనకు ఒక్క మాటతో కళ్లు తెరుచుకున్నాయి. నాకు తెరుచుకోలేదు.

ఆఫీసు మెట్ల మీద పడిపోయాక గాని ఆమెను దవాఖానకు తీసుకుపోలేదు. నరాల డాక్టరమ్మ దగ్గరికి నేనూ వెళ్లాను, ఆమె అబద్ధం అక్కడైనా బయటపడుతుందని. డాక్టరమ్మ నోరు చూడలేదు. చెప్పులు విప్పించి, మడమల వెనక గడ్డలు నొక్కి చూసింది.

"కళ్లలో శుక్లాలకు ఆపరేషన్ ఎప్పుడైందమ్మా?"

"పెండ్లికి ముందే మేడం, రెండు కండ్లకు."

"చిన్నప్పుడు విరేచనాలు ఎక్కువగా అయ్యేవా? అమ్మానాన్నలది మేనరికమా?"

రెంటికీ అవునంది. రక్త పరీక్ష వచ్చాక డాక్టరమ్మ ఒక పెద్ద పేరు చెప్పి, ఒంట్లో కొవ్వు పేరుకునే రోగమంది. నేను ఊరుకోలేదు. "కొలెస్ట్రాల్ నార్మల్ అని మీరే రాసిన్రు. మళ్ల కొవ్వు రోగమంటరేంది?"

"ఇది కొలెస్ట్రాల్ కాదండి, కొలెస్టనాల్ అనే వేరే కొవ్వు, మామూలు పరీక్షలో దొరకదు. మన కాలేయం కొలెస్ట్రాల్‌ని పైత్యరసంలోని ఆమ్లాలుగా మార్చుకుంటుంది. అందుకు కావాల్సిన ఒక ఎంజైమ్ ఈవిడకు పుట్టుకతోనే సరిగ్గా పనిచేయదు. ఆ దారి మూసుకుపోయి, కొలెస్టనాల్ ఎక్కువగా తయారై మడమల్లో, కళ్లలో, మెదడులో పేరుకుంటుంది. నడకా మాటా అందుకే అలా అయ్యాయి. తక్కువైన ఆమ్లాన్ని మాత్రగా ఇస్తే పేరుకోవడం తగ్గుతుంది. పాడైపోయింది మాత్రం పూర్తిగా తిరిగి రాదండి."

"ఎనిమిది నెలల ముందు వచ్చుంటే?"

ఆమె నా చేతిలోని గ్రంథం వంక చూసి, "చెప్పలేనండి" అంది. నా మీద జాలితోనే అలా అందని నాకు ఇప్పటికీ అనుమానం.

తిరిగి వస్తుంటే ఆటోలో చెల్లెమ్మ నవ్వింది. "నా నోరు వాసన చూసినవ్ గని, కాళ్లు చూడలే అన్నా."

ప్రియులారా, శిష్యుల పాదాలు కడిగినవాడి పేరు ప్రతి ఆదివారం ఎత్తేవాణ్ణి. ఒక్కరి మడమా చూడలేదు.

ఆమె మాత్రం ఆ వారమే తమ్ముణ్ణి లాక్కుపోయింది. "వీనికి గూడ చిన్నప్పుడే కండ్ల ఆపరేషన్ అయింది మేడం, వీణ్ణి చూడుండ్రి" అని. అది కూడా ల్యాబుల వ్యాపారమే అనుకున్నాను. అతనికీ అదే రోగమని తేలింది. ఇంకా కాళ్లు నిలకడగా ఉండగానే మాత్రలు మొదలయ్యాయి.

తర్వాతి రొట్టె విరిచే ఆదివారం నా తప్పు మీ అందరి ముందు ఒప్పుకుని, గిన్నె ఆమె దగ్గరికి నేనే తీసుకెళ్లాను. తాగి, "జర వాసన చూసుకో అన్నా, ద్రాక్షరసమే" అంది. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను, కళ్లు తుడుచుకుంటూ. ఆ తర్వాత ఏడాదిన్నర మనతో ఉంది. చివరికి మింగడం కూడా కష్టమైంది.

మొన్న ఆదివారం కుర్రాళ్లు కుర్చీలు తిన్నగా వేశారు. ఆమె తమ్ముడు వచ్చి ప్రతి వరుసలో చివరి కుర్చీని జానెడు దారిలోకి లాగుతున్నాడు. ఎందుకని అడిగాను.

"అక్క గివి పట్టుకునే బల్ల కాడికి నడిచేది అన్నా. నీకు తెల్వదా?"

తెలియదు. గిన్నె దక్కదని తెలిసిన ఆ ఎనిమిది నెలలూ ఆమె కుర్చీలు అలాగే వేసింది. ఆ రోజు నేను తలుపు దగ్గరికి వెళ్లి, ఒక్కొక్క కుర్చీ వీపూ పట్టుకుంటూ బల్ల దాకా నడిచాను. ప్రతి కుర్చీ వీపు మీదా, సరిగ్గా చెయ్యి ఆనే చోట, నీలం రంగు వెలిసిపోయి ఉంది.