చేపల గంప దించిన రోజు

నాకున్నది సోరియాసిస్ అని తెలియని రోజులవి. స్టీలు ప్లాంటు అప్పుడే కడుతున్నారు. మోచేతుల మీద ఎర్రటి మచ్చలు, గోకితే తెల్లటి పొట్టు. గ్రంథాలయంలో దొరికిన వైద్య పుస్తకాలన్నీ చదివి, అది కుష్టేనని నాకు నేనే తేల్చుకున్నాను. డాక్టరూ అదే అంటాడేమోనన్న భయంతో ఆసుపత్రికి వెళ్లలేదు. బస్సులో ఎవరికీ తగలకుండా చివరి సీట్లో కూర్చునేవాణ్ణి.

ఒక ఉదయం జాలరిపేట దగ్గర నెత్తిన చేపల గంపతో ఒక ముసలామె బస్సెక్కింది.

"బాబూ, గంప దించు."

నా చేతులు ముందుకు రాలేదు.

"ముట్టుకుంటే సేపలు కరిసేత్తాయేటి?"

దించాను. చొక్కా చెయ్యి పైకి జరిగింది. ఆమె మచ్చలు చూసి కూడా నా పక్కనే కూర్చుంది.

"దురదుంటాదా?"

"రాత్రంతా."

"సూది గుచ్చితే తెలుస్తాదా?"

"తెలుస్తుంది."

"అయితే నువ్వు బయపడేది కాదేమో. దానికైతే సూది గుచ్చినా తెలీదు. మా సెల్లికీ ఇలాగే ఉంది. అంటుకోదని పెద్దాసుపత్రిలో సెప్పినారు. సలికాలం రేగుతాది. నూనె రాసుకుని పొద్దుటెండలో కూకుంటాది."

"ఎన్నాళ్లకి పోయింది?"

"పోడమేటి బాబూ? ముప్పై ఏళ్లయింది. నలుగురు పిల్లల్ని ఎత్తుకు పెంచింది."

ఆ ముప్పై ఏళ్ల మాటకు కొత్త భయం పట్టుకుంది. ఆమె మార్కెట్టు దగ్గర దిగిపోయింది. నేను పెద్దాసుపత్రి దగ్గర దిగాను. చీటీల వరుసలో నిలబడ్డాను.

"ఏటి జబ్బు?" అన్నాడు చీటీ రాసే గుమస్తా.

చదివిన లావు పుస్తకాల్లోంచి ఒక్క మాటా నోటికి రాలేదు.

"దురదండీ" అన్నాను.