హోరాకు నా దిద్దుబాటు

నిక్షేపంగా సాగాల్సిన పెళ్లి నాట్యాన్ని నడిమికి తెంపేసిన మహానుభావుణ్ణి నేను. ఎలాగో చెప్తాను, నవ్వకండి. సరే, నవ్వుకోండి, అప్పుడు నా వయసు ముప్పై, బుద్ధి మూడు.

ఉత్తరాదిన ఇందిరాపురంలో మా పై అంతస్తు రేచల్ ఆంటీది యూదు కుటుంబం. కూతురి పెళ్లికి బంధువులు పట్టుమని పదిమందే రాగలిగారు. వధూవరుల చుట్టూ అందరూ చేతులు పట్టుకుని వలయంగా తిరిగే హోరా నాట్యం లేనిదే ఆవిడకు అది పెళ్లే కాదు.

"పదిమందితో వలయం ఎక్కడ నిండుతుంది బేటా? మీరూ రండి" అని ఇరుగుపొరుగును పిలిచి, క్లబ్‌హౌస్‌లో అడుగులు నేర్పారు. ఎడమకాలు ముందునుంచి దాటించి, కుడికాలు పక్కకు, మళ్లీ ఎడమకాలు వెనకనుంచి. "ఇందులో మొదటివాళ్లు, చివరివాళ్లు ఉండరు. ఎవరొచ్చినా చెయ్యి అందించాలి, అంతే" అన్నారు. డెబ్బై ఏళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులతో, అంత తేలిగ్గా తిరుగుతుంటే నాకు దణ్ణం పెట్టాలనిపించింది.

దణ్ణంతో ఆగితే బాగుండేది. మధ్యకి ముఖం పెట్టి కుడివైపుకి తిరగడం, అంటే గుళ్లో తిరిగేదానికి ఎదురు, అప్రదక్షిణం! చిన్నప్పట్నుంచీ నవగ్రహాల చుట్టూ పద్ధతిగా తిరిగిన కాళ్లు ఒప్పుకుంటాయా? ఆంటీ పెళ్లిపనుల్లో పడి సాధన నాకు అప్పగించగానే, అందరికీ ఎడమవైపు నేర్పేశాను.

"ఏవండీ, ఆవిడ కుడికి అన్నారు కదా?" అంది మా ఆవిడ లలిత.

"పెళ్లికూతురి చుట్టూ అప్రదక్షిణంగా తిరుగుతారటే? పాపం, ఆంటీ గమనించలేదు."

"వాళ్ల నాట్యం వాళ్లకి తెలీదూ?"

"నువ్వుండవే!"

పెళ్లిలో పాట మొదలైంది. వలయంలో సగం బంధువులు, సగం మేము. వాళ్లు కుడికి, మేం ఎడమకి! పెళ్లికొడుకు మేనమామ పొట్టా నా పొట్టా ఢీకొన్నాయి.

"అరే భయ్యా, ఇధర్!"

"నహీ అంకుల్, ఉధర్!"

చేతులు విడిపోయాయి. వలయం తెగింది. మధ్యలో పెళ్లికూతురు బిత్తరపోయి నిలబడింది. ఆంటీ ముఖం చూసి సిగ్గుతో చచ్చిపోయాను.

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి చప్పట్లు కొట్టారు. "చుట్టాలంతా లోపలికి! పడోసీలు, ఇరుగుపొరుగంతా బయటికి! ఎవరి వైపు వాళ్లు తిరగండి!"

లోపలి వలయం కుడికి, బయటి వలయం ఎడమకి కదిలాయి. పెళ్లికూతురు పకపకా నవ్వింది.

పాట ఆగాక వెళ్లి నేరం ఒప్పుకున్నాను. "మీ నాట్యాన్ని దిద్దబోయాను, క్షమించండి ఆంటీ."

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "ఒక్క వలయమైనా నిండుతుందా అని వారంగా నాకు నిద్ర లేదు బేటా. నువ్వు రెండిచ్చావు."

ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఎవరి నాట్యాన్నీ సరిదిద్దను. సాక్షిగా మా ఆవిడ సంతకం చేసింది, మూడుచోట్ల.