అరంగుళం కంటే పెద్ద పానా

నేను తరిగొప్పుల దగ్గర ఒక బడిలో లెక్కలు చెబుతాను. మొన్నటి వానాకాలం, ఒక ఆదివారం మా బావి దగ్గరి మోటారు గుంటలోకి దిగి ఇనుప మూత విప్పుతున్నాను. మొదటి బోల్టు ఊడగానే మూత జారింది. నా ఎడమచేతి వేళ్లు పైపుకీ దానికీ మధ్య ఇరుక్కుపోయాయి. రెండో బోల్టు విప్పితే తప్ప చెయ్యి రాదు. పైపులోంచి కారుతున్న నీళ్లు గొంతుక్కూర్చున్న నా నడుము దాకా వచ్చాయి.

మొదటిదాన్ని విప్పిన అరంగుళం పానా ఈ పెద్ద బోల్టుకు ఎక్కలేదు. నేను అవ్వా అని పిలిచే మా అమ్మ పానాల సంచితో ఒడ్డున కూర్చుంది. బడికి పోలేదు గానీ ఫోను వల్ల అంకెలు గుర్తుపడుతుంది.

"ఇంకా పెద్దది కావాలె అవ్వా. మీద ఏడు, కింద పదహారు ఉన్నది ఇయ్యి" అన్నాను.

"గిది సన్నగున్నది బిడ్డా."

"ఒకటి బై రెండు కంటే ఏడు బై పదహారు పెద్దది కాదా? నాకు లెక్కలు చెప్తున్నవా?" అని కసిరాను.

ఇచ్చింది. అది అసలు ఎక్కనే లేదు. వేళ్లు నల్లబడుతున్నాయి. ఎక్కడ తప్పానో తోచలేదు. అవ్వ నా అరంగుళం పానా తీసుకుని, దాని నోటికి ఇంకోదాని నోరు ఆనించి చూసి, పెద్దది అందించింది. ఒక్క తిప్పుకే బోల్టు కదిలింది. సగమంటే ఎనిమిది బై పదహారు కదా అని అప్పుడు తట్టింది.

మర్నాడు ఆరో తరగతిలో ఒక పాప మూడో వంతు కంటే నాలుగో వంతే పెద్దదని రాసింది. కట్టు కట్టిన చెయ్యి వెనక్కి దాచుకుని, "ఎందుకట్ల అనుకున్నవు తల్లీ?" అని నా ఉద్యోగంలో మొదటిసారి అడిగాను.