గీబెల్ తేలలేదు!

ఇల్లు కళ్లారా చూడందే ఆ ఇంటి గురించి ఒక్క మాటైనా అనువదించని మనిషి మా ఓదిలోన్. బెల్జియంలోని గెంట్ ఊళ్లో మా అనువాదాల ఆఫీసుకు పాత ఇళ్ల కాగితం ఏ భాషలో వచ్చినా, చదివి, టోపీ పెట్టుకుని మాయమయ్యేవాడు.

"ఎక్కడికండీ మళ్లీ?" అని అరిచేది యజమానురాలు ఓర్తాన్స్.

"ముక్కోణం ఉందట మేడమ్. గోడో, గుమ్మం మీది సింగారమో తేల్చాలి."

"ఏదో ఒకటి రాసి పారేయండి!"

"ముక్కును ముఖమంటే ఊరుకుంటారా?"

ఆవిడ ముక్కు ముఖంలో సగం. వాదన అక్కడితో ఆగేది.

ఆయన పట్టుదలకు కారణం లేకపోలేదు. జర్మన్‌లో 'గీబెల్' అంటే కప్పు కింది ముక్కోణపు గోడా కావచ్చు, గుమ్మం మీది ముక్కోణపు రాతి సింగారమూ కావచ్చు. దానికి తోబుట్టువులా వినిపించే మా ఫ్లెమిష్ 'గేవెల్' అంటే ఇంటి ముందు గోడ మొత్తం. ఒకదాని బదులు ఇంకొకటి రాస్తే, గడ్డం గీయమంటే తల నరికినట్టే.

లెయోంటీన్ అనే ముసలావిడ ఇంటి మీద జర్మన్ ఇంజనీరు నివేదిక వచ్చింది. 'పగిలిన గీబెల్ తీసేయాలి.' ఓదిలోన్ వెళ్లాడు. "తేలలేదు" అంటూ వచ్చాడు. మర్నాడూ అంతే. ఆ వారమంతా అంతే. చివరికి 'గుమ్మం మీది సింగారం' అని రాసిచ్చేసరికి, పని ఇచ్చినవాళ్లు విసిగి వేరే ఆఫీసు చూసుకున్నారు. ఓర్తాన్స్ కోపం పట్టలేక ఆయన్ని ఇంటికి పంపేసింది.

"పోనీలెండి, ఇక తీరిగ్గా ఇళ్లు చూసుకుంటాను" అని నవ్వాడాయన. మాకెవరికీ నవ్వు రాలేదు.

ఆ తర్వాత మా ఆఫీసులో మాటలు చకచకా తేలిపోయాయి. కుర్చీలోంచి లేచేవాడే లేడు. పోట్లాడటానికి మనిషి లేక ఓర్తాన్స్ చిక్కిపోయింది. ఒకరోజు ఉండబట్టలేక, "ఆ ఇంట్లో అంత తేలనిదేముందో చూద్దాం పద" అని నన్ను వెంటబెట్టుకెళ్లింది.

ముందు గోడ నిక్షేపంగా ఉంది. గుమ్మం పైన సింగారం తీసేసిన చోటు మాత్రం బోసిగా ఉంది.

"తేలకపోవడమేంటమ్మా?" అంది లెయోంటీన్. "మొదటిరోజే చెప్పాడుగా, 'అవ్వా, గోడ జోలికెవరూ రారు' అని!"

"మరి రోజూ ఎందుకొచ్చాడు?"

"నాకు నమ్మకం కుదరలేదు. ఇల్లు కూల్చేస్తారని తిండి మానేసి మంచం పట్టాను. రోజూ వచ్చి, 'ఇంకోసారి కొలుస్తానవ్వా, ఈలోగా నువ్వు సూప్ తాగు' అనేవాడు. గిన్నె ఖాళీ అయ్యేదాకా కొలిచేవాడు."

ఓర్తాన్స్ చాలాసేపు ముక్కు తుడుచుకుంది.

"ఇప్పుడెక్కడున్నాడు?"

"ఎదురింట్లో. ఆ ముసలాయనకి ఫ్రెంచి కాగితమేదో వచ్చిందట."

ఎదురింటి ముందు ఓదిలోన్ మెడ వెనక్కి వాల్చి కప్పుకేసి చూస్తున్నాడు.

"ఓదిలోన్ గారూ! ఆఫీసుకి ఎప్పుడొస్తారు?" అని కేకేసింది ఓర్తాన్స్.

"ఇది తేలాలి మేడమ్!"

"ఎప్పటికి తేలుతుంది?"

ఆయన కిటికీలోంచి లోపలికి తొంగిచూశాడు.

"ఇంకో నాలుగు చెంచాలు!"