గేర్ బాక్సులో గిటారు

ఆ రోజుల్లో తమిళనాడు ధర్మపురిలో జనం టైము చూసి కాదు, పాట విని బస్సెక్కేవాళ్లు. పాపిరెడ్డిపట్టికి పోయే ప్రైవేటు బస్సుల్లో ఎవరి స్పీకరు బాగా మోగితే వాళ్ల సీట్లే ముందు నిండేవి. అలాంటి ఒక బస్సుకు మా మేనమామ డ్రైవరు, నేను కొత్త కండక్టరును. (మా బస్సులో కండక్టరంటే టికెట్లు చింపేవాడే కాదు, క్యాసెట్లు తిప్పేవాడు కూడా.) బెంగళూరులో చదివే స్నేహితుడొకడు నాకొక ఇంగ్లీషు రాక్ బ్యాండు క్యాసెట్ ఇచ్చాడు. అట్ట మీద నలుగురు జులపాలవాళ్లు. వాళ్ల తొలినాళ్ల ఆల్బమట, లోకమంతా విన్నదట. లోకమంతా విన్నదాన్ని నేను వినకపోతే ఎలా అని ప్రాణం కొట్టుకులాడింది. ఇంట్లో టేప్ రికార్డరు లేదు కాబట్టి నాకు బస్సే దిక్కు.

ఒక ఉదయం ఊరు దాటగానే పెట్టేశాను. మొదటి పాట మొదట్లో మాటల్లేవు. గిటారు ఒక్కటే గుర్రుమంటూ, మెల్లగా పెరుగుతూ వచ్చింది. మామ చెవి రిక్కించి బస్సును పక్కకు తీశాడు. "అందరూ దిగండప్పా! గేర్ బాక్స్ పోయినాది!" ఇంజను ఆపాడు. గుర్రు ఆగలేదు. "ఆపినా అరస్తానే ఉందే!" అంటూ కంగారుగా బస్సు కిందికి దూరాడు. నిజం చెబితే క్యాసెట్ బయటికి పోతుంది, పాటేమో అప్పుడే ఊపందుకుంటోంది. నేను ఫుట్‌బోర్డు మీద నోరు మూసుకుని నిలబడ్డాను. అంతలో డ్రమ్ములు దడదడలాడాయి, గాయకుడు కేక పెట్టాడు. మామ ముఖాన గ్రీజుతో బయటికొచ్చాడు. "నా బండిలో ఎవుడురా ఏడస్తా ఉండేది?" ఆకుకూర కట్టల గంపతో దిగిన అవ్వ ఆయన్ను ఆపింది. "పాటంట నాయనా. బాగుండాదో లేదో ఇంకా తెలీలే, రవంత ఉండు."

ఆ అవ్వ పుణ్యాన క్యాసెట్ బతికింది. జనం ఉంటే మాత్రం పెట్టకూడదని మామ కట్టడి చేశాడు. సాయంత్రం ఖాళీ బస్సును షెడ్డుకు తోలేటప్పుడు మేమిద్దరమే వినేవాళ్లం.

"ఆ అరిచేవానికి ఏమి కష్టమురా?"

"తెలీదు మామా."

"గిటారోనికి పెండ్లి అయినాదా?"

"తెలీదు మామా."

"సరే, మళ్లా పెట్టు."

మొన్న మామను చూడబోయినప్పుడు ఆ ఆల్బమ్ ఫోన్లో దొరికింది. పాటతో పాటు మాటలు కూడా కనిపిస్తున్నాయి. ఇన్నేళ్ల సందేహం తీరుద్దామని ఒక్కో వాక్యానికీ తెలుగులో అర్థం చెప్పుకుంటూ పోయాను. ఎవరో పిల్ల వదిలేసి పోయిందట, ఇతను వానలో నిలబడ్డాడట. మామ కాసేపు ఓర్చుకుని చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఊరకుండరా. నీకేమీ తెలీనప్పుడే పాట బాగా వినపడతా ఉండె."

నవ్వొచ్చింది. ఏమీ తెలియని ఆ కండక్టరు కుర్రవాడి మీద కాస్త అసూయ కూడా కలిగింది.